ఉస్తాద్ తిప్పింది ఒక్క నాబే

ఇందుమతి దగ్గర ఒక ప్రశ్న ఉంది. మూడు వారాలుగా దాన్ని కాగితం మీద రాసుకుంటూ, కొట్టేసుకుంటూ ఉంది.

ఉన్నది ఒకే కారు. వారంలో ఆరు రోజులు గుంతల రోడ్డు మీద దాంట్లోనే పనికి పోవాలి. రెండు నెలలకొకసారి మద్రాసు అవతల ఉన్న రేసు ట్రాక్ మీద దాన్నే పరుగెత్తించాలి. అలాంటి కారుకు ఎలాంటి షాకప్‌లు, అంటే షాక్ అబ్జార్బర్లు, వేయాలి?

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఆ కాగితం పట్టుకొని నెల్లూరు ఆటోనగర్‌లో ఖాజా మొహిద్దీన్ షెడ్డుకు వచ్చింది.

ఖాజా మొహిద్దీన్‌కు అరవై తొమ్మిదేళ్లు. అందరూ ఉస్తాద్ అంటారు. మద్రాసు దగ్గర షోళవరంలో కార్ల రేసులు జరిగే రోజుల్లో, వయసులో ఉండగా అక్కడ మెకానిక్‌గా పనిచేశారు. తర్వాత నెల్లూరు వచ్చేసి లారీల కింద బరువు మోసే కమాను పట్టీలు కట్టుకుంటూ ఉండిపోయారు. అయినా రేసు కార్ల పిచ్చి ఉన్నవాళ్లు వెతుక్కుంటూ ఆయన దగ్గరికే వస్తారు. ఆయన ఎక్కువ మాట్లాడరు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఒక్కో మూల మీద అరచెయ్యి ఆనించి గట్టిగా నొక్కి వదులుతారు. బండి ఎలా లేచిందో, ఎలా కుదురుకుందో చూస్తారు. దాన్ని బట్టే దాని జాతకమంతా చెప్పేస్తారని పేరు.

ఇందుమతి ఆయనకు శిష్యురాలై పది నెలలైంది.

ఆమెకు నలభై మూడేళ్లు. ముత్తుకూరు దాటాక ఒక రొయ్యపిల్లల ల్యాబ్‌లో పనిచేస్తుంది. మైక్రోస్కోప్ కింద రొయ్యపిల్లల్ని చూసి, ఏ బ్యాచ్ చెరువులో వదలొచ్చో, ఏది వదలకూడదో చెప్పడం ఆమె ఉద్యోగం. ఆమె కాగితం మీద సంతకం పెట్టాకే రైతు టబ్బుల్లో పిల్లల్ని ఎత్తుకుపోతాడు.

కారు ఆమె భర్త శశిధర్‌ది. రెండే సీట్ల ఎర్ర కారు. నేలకు బెత్తెడు ఎత్తున ఉంటుంది. ముగ్గురి చేతులు మారి ఆయన దగ్గరికి వచ్చింది. పద్నాలుగు నెలల కిందట ఒక మంగళవారం శశిధర్ ఆఫీసు మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయాడు. మళ్లీ లేవలేదు.

కారు అమ్మేయమని అందరూ చెప్పారు. ఆమె అమ్మలేదు. స్కూటీ వదిలేసి దాంట్లోనే పనికి, అప్పుడప్పుడు ఆయన పోయే ట్రాక్‌కూ పోవడం మొదలుపెట్టింది. నాలుగు నెలలయ్యాక, శశిధర్ కూడా వచ్చే ఉస్తాద్ షెడ్డు ముందు ఆపి, "ఆయనకు ఈ బండి గురించి ఏమేం తెలుసో అదంతా నాకు నేర్పండి" అంది.

ఉస్తాద్ ఆమెను ఎగాదిగా చూసి, ఒక లారీ కమాను కట్టను కాలితో ఆమె వైపు జరిపారు. "ముందు ఇది కడుగమ్మా" అన్నారు. ఆ నెలంతా ఆదివారాలు ఆమె కిరసనాయిలు పోసి పట్టీలు కడిగింది. తర్వాత నెలలో స్ప్రింగులు కొలవడం నేర్చుకుంది. ఆ తర్వాత షాకప్ విప్పడం, బిగించడం. ఇప్పుడు షెడ్డుకు వచ్చిన కారును ఉస్తాద్ లాగే అరచేత్తో నొక్కి, ఏ మూల బలహీనంగా ఉందో చెప్పగలదు.

తన కారును మాత్రం ఎప్పుడూ అలా నొక్కి చూడలేదు.

"షాకప్‌లు అయిపోయాయి ఉస్తాద్" అంది ఆ ఆదివారం. "ముందు ఎడమవైపు దానికి నూనె కారుతోంది. మార్చక తప్పదు. మూడు రకాలు చూసి పెట్టాను. ఏది తీసుకోమంటారు?"

ఉస్తాద్ లారీ కింద నుంచి బయటికి వచ్చి, డ్రమ్ము మీద కూర్చున్నారు. "చెప్పు."

ఇందుమతి కాగితం విప్పింది.

మొదటి రకం అచ్చంగా రేసు కోసం చేసినవి. ఒక్కోదానికి చేత్తో తిప్పే రెండు నాబ్‌లుంటాయి. స్ప్రింగు నొక్కుకునేటప్పుడు ఎంత గట్టిగా ఉండాలో ఒకటి చూసుకుంటుంది, తిరిగి లేచేటప్పుడు ఎంతో ఇంకొకటి చూసుకుంటుంది. పైన బండికి బిగించే చోట రబ్బరు ఉండదు, ఇనుముకు ఇనుమే. పాడైతే దేశం దాటించి బాగుచేయించుకోవాలి. రెండో రకం ఎక్కడైనా దొరుకుతాయి, కానీ వెనక చక్రాల నాబ్ అందాలంటే డిక్కీ లోపలి అట్టలన్నీ ఊడదీయాలి. మూడో రకానికి ఒకటే నాబ్, అది చేతికందుతుంది. పైన రబ్బరు ఉంది. ఈ షెడ్డులోనే విప్పుకోవచ్చు. ట్రాక్ మీద మాత్రం మొదటివాటంత గట్టిగా నిలబడవు.

ఉస్తాద్ కాగితం అందుకోలేదు.

"ఇప్పుడుండేవి ఎట్టా పెట్టుండావు?"

"నాలుగు."

ఆ షాకప్‌ల తలమీద బొటనవేలంత నాబ్ ఒకటి ఉంటుంది. కుడివైపు పూర్తిగా బిగిస్తే బండి రాయిలా అయిపోతుంది. అక్కడి నుంచి వెనక్కి తిప్పుతూ పోతే టిక్కు టిక్కుమంటూ మెత్తబడుతుంది. అలాంటి టిక్కులు ఇరవై నాలుగు. నాలుగు అంటే దాదాపు రాయి.

"రోడ్డు మీద కూడా నాలుగేనా?"

"నాలుగే." ఆమె తల దించుకుంది. "నేను పెట్టింది కాదు. ఆయన చివరిసారి ట్రాక్ మీదికి పోయినప్పుడు పెట్టుకున్నది. ఆదివారం సాయంత్రం అలిసిపోయి వచ్చారు. మంగళవారం..."

ఇందుమతి కాగితం మడిచింది.

"కొత్తవి వేశాక కూడా నాలుగే పెడదాం ఉస్తాద్. పాతవి విప్పాక నాకిచ్చేయండి. ఇంట్లో పెట్టుకుంటాను. నాబ్‌లు కదపకుండా విప్పాలి."

"వేరే షాకప్‌లో నాలుగు వేరే నాలుగమ్మా."

"తెలుసు. అయినా."

ఉస్తాద్ లేచి కారు దగ్గరికి వెళ్లి బానెట్ ఎత్తారు. ఇంజన్ అద్దంలా మెరుస్తోంది. ఇందుమతి ప్రతి శనివారం తుడుస్తుంది. ముందు చక్రాల రెండు నాబ్‌ల చుట్టూ మాత్రం అరచేతి మేర మందంగా దుమ్ము పేరుకొని ఉంది. అక్కడ పద్నాలుగు నెలలుగా గుడ్డా తగల్లేదు, నీళ్లూ తగల్లేదు.

ఆయన ఆ దుమ్మును చాలాసేపు చూశారు.

"పనికి పోయేటప్పుడు ఎట్టా ఉంటది?"

"ముత్తుకూరు రోడ్డు బొగ్గు లారీలకు చితికిపోయింది కదా. ల్యాబ్‌కు చేరేసరికి నడుము పట్టేస్తుంది. అరగంటదాకా చేతులు వణుకుతాయి. పోయిన వారం ఒక బ్యాచ్‌ను మూడుసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ వేరే లెక్క వచ్చింది. రైతు బయట నిలబడి ఉన్నాడు."

తర్వాత చిన్న గొంతుతో అంది. "ఉస్తాద్, ఇది ఆ కారు కాదు. ఆయన ఉన్నప్పుడు ఇలా ఉండేది కాదు. ఆదివారాలు మైపాడు సముద్రం దగ్గరికి పోయేవాళ్లం. నేను ఆ పక్క సీట్లో కూర్చునేదాన్ని. పడవలో పోతున్నట్టు ఉండేది. ఇందుకూరుపేట రాకముందే నిద్రపోయేదాన్ని. ఆ కారు ఆయనతోనే పోయింది. షాకప్‌లు మారిస్తే వస్తుందేమోనని..."



ఉస్తాద్ భుజం మీది గుడ్డకు చేతులు తుడుచుకున్నారు. ముందు ఎడమవైపు నాబ్ మీద రెండు వేళ్లు ఆనించారు.

"వద్దు ఉస్తాద్" అంది ఇందుమతి.

టిక్. టిక్. టిక్.

ఆయన తొందరపడలేదు. ఆగనూ లేదు. ఇందుమతి ఆయన చెయ్యి పట్టుకోవాలనుకుంది. కానీ పది నెలల అలవాటు కొద్దీ లోపల లెక్క సాగిపోయింది. పదీ, పదకొండూ, పన్నెండు. అక్కడ ఆయన వేళ్లు తీసేశారు. దుమ్ములో రెండు వేలిముద్రలు తెల్లగా పడ్డాయి.

"ఏం చేశారు!"

"ఒకటి తిప్పినా."

"అది ఆయన పెట్టి పోయింది ఉస్తాద్. ఆయన చెయ్యి పెట్టింది అదొక్కటే మిగిలింది నాకు." ఆయనకు అడ్డంగా వచ్చి నిలబడింది. "వెనక్కి తిప్పండి."

"నేను తిప్పితే నేను పెట్టింది అయితది. నువ్వు తిప్పితే నువ్వు పెట్టింది అయితది."

ఇందుమతి నాబ్ వైపు చూసింది.

"ఒక మూల మెత్తన, మూడు మూలలు గట్టి" అన్నారు ఉస్తాద్. "ఇట్టాంటి బండిని రోడ్డు ఎక్కించగూడదని నీకు నేర్పుండా. దాన్ని తీసుకపోయి మూడింటితో కలుపుతావో, మూడింటినీ తెచ్చి దాంతో కలుపుతావో, నీ ఇష్టం."

వెళ్లి మళ్లీ లారీ కింద దూరారు. కాసేపటికి సుత్తి చప్పుడు మొదలైంది.

ఇందుమతి బానెట్ ముందు నిలబడిపోయింది.

ఆ మనిషి మీద ఆమెకు వచ్చినంత కోపం ఈ మధ్య ఇంకెవరి మీదా రాలేదు. బండి అక్కడే వదిలేసి ఆటో ఎక్కి వెళ్లిపోదామనుకుంది. గేటుదాకా వెళ్లింది కూడా. ఎదురుగా పంక్చర్ల కొట్టులో ఎవరో టైరులోకి గాలి కొడుతున్నారు. అక్కడ నిలబడి అదే చూస్తూ ఉండిపోయింది. తర్వాత వెనక్కి వచ్చింది.

తిప్పిన నాబ్‌ను పన్నెండు టిక్కులు బిగిస్తే మళ్లీ నాలుగు అవుతుంది. అంకె అదే అవుతుంది. అది ఆమెకు తెలుసు. ఆ అంకె కింద ఇక మీదట ఎవరి చెయ్యి ఉంటుందో కూడా తెలుసు.

లారీ కింద సుత్తి చప్పుడు ఆగలేదు. ఎండ షెడ్డు రేకుల మీదికి ఎక్కింది. ఉస్తాద్ ఒక పట్టీ కట్టడం అయిపోయి ఇంకో పట్టీ మొదలుపెట్టారు. తల తిప్పి ఇటు చూడలేదు.

ఇందుమతి ముందు కుడివైపుకు వెళ్లింది. నాబ్ మీద వేళ్లు పెట్టింది. దుమ్ము మెత్తగా, చల్లగా ఉంది. ఒక టిక్కు తిప్పి ఆగిపోయింది. ఆకాశం ఏమీ విరిగి పడలేదు. రెండు. మూడు. పన్నెండు దాకా తిప్పింది.

డిక్కీ తెరిచి చాప ఎత్తి వెనక రెండూ తిప్పింది. చివరిదానికి చాలాసేపు పట్టింది. ఒక్కో టిక్కుకూ ఆగి, ఊపిరి తీసుకొని, మళ్లీ తిప్పింది. పన్నెండోది తిప్పాక కూడా వేళ్లు అక్కడే ఉంచుకుంది.

"నాలుగూ కలిశాయి" అంది, ఎవరితోనో అన్నట్టు.

లారీ కింద నుంచి గొంతు వచ్చింది. "అయితే ఒకసారి తోలి రా పో."

"ఎక్కడికి?"

"యాడికైనా."

ఎక్కడికీ అనుకోకుండానే బయలుదేరింది. ఊరు దాటాక చూసుకుంటే మైపాడు రోడ్డు మీద ఉంది.

మొదట ఆమెకేమీ తెలియలేదు. కోపం ఇంకా దిగలేదు. చేతులు స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకొని ఉన్నాయి. ఒక చిన్న కల్వర్టు వచ్చింది. అలవాటుగా పళ్లు బిగించి, నడుము వెనక్కి నొక్కిపెట్టి దెబ్బ కోసం ఎదురుచూసింది.

దెబ్బ రాలేదు.

బండి మెల్లగా లేచింది. అక్కడ ఒక్క క్షణం తేలి, మెల్లగా దిగి కుదురుకుంది.

ఆ కదలిక ఆమె మనసు కంటే ముందు ఒంటికి గుర్తొచ్చింది. భుజాలు జారాయి. మెడ సీటుకు ఆనింది. కళ్లు వాలిపోబోయాయి. తోలుతున్నది తనేనని ఒక్కసారిగా గుర్తొచ్చి ఉలిక్కిపడింది. ఈ కదలికను ఆమె ఎప్పుడూ ఎడమ సీట్లో నుంచే ఎరుగును.

ఇందుకూరుపేట దాటాక బండి పక్కకు తీసి ఆపింది.

కారు కొన్న కొత్తలో సంగతి. మైక్రోస్కోప్ మీద వంగీ వంగీ ఆమెకు నడుములో పూస జరిగిన ఏడాది అది. మొదటి రెండు ఆదివారాలు ఆ కారులో కూర్చొని ఏడుపొచ్చింది. "నాకొద్దు ఈ బండి, మీరొక్కరే తిరగండి" అంది. శశిధర్ నవ్వి, "అలవాటవుతుందిలే ఇందూ, కొన్నాళ్లు చూడు" అన్నాడు. నిజంగానే నెల తిరిగేసరికి నొప్పి పోయింది. అలవాటైపోయిందనుకుంది. ఆరేళ్లూ అలాగే అనుకుంది.

ప్రతి ఆదివారం బయలుదేరే ముందు ఆయన బానెట్ ఎత్తేవాడు. తర్వాత డిక్కీ తెరిచేవాడు. ఏం చూస్తున్నారని ఒకసారి గుమ్మంలోంచి అడిగింది. "ఆయిల్" అన్నాడు.

డిక్కీలో ఆయిల్ ఏముంటుంది? అది అప్పుడు తట్టలేదు ఆమెకు.

పక్కన ఎడమ సీటు ఖాళీగా ఉంది. రోడ్డు మీద పోయే వరికోత మిషన్ ఒకటి ఆమెను దాటుకుంటూ హారన్ కొట్టింది. ఆమెకు వినపడలేదు. సీటు వైపు తిరిగి కూర్చుంది, అక్కడ ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు. ఆ ఆరేళ్లలో ఒక్క ఆదివారమైనా నిద్రపోకుండా మేలుకొని ఉంటే బాగుండేది అనిపించింది. ఒక్కటంటే ఒక్కటి.

షెడ్డుకు తిరిగొచ్చేసరికి పదకొండు దాటింది. ఉస్తాద్ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు.

"పన్నెండుతో ఎందుకు ఆపారు ఉస్తాద్?" అని అడిగింది. "నాలుగూ పన్నెండూ, సరిగ్గా పదహారు దగ్గర ఆపాలని మీకెలా తెలుసు?"

ఉస్తాద్ చేతులు విదిల్చారు.

"నీకు నడుం బాగాలేదని శశిబాబు వచ్చినాడు. ట్రాక్‌కీ కావాల, ఆమెకూ కావాల, ఎట్టా అన్నాడు. నీ మాదిరే, కాగితం పట్టుకొని." ఆయన ముఖంలో నవ్వు లాంటిది కదిలింది. "నీ సీట్లో నన్ను కూర్చోబెట్టుకున్నాడు. మైపాడు రోడ్డు మీద ఏడుసార్లు తిప్పినాడు. గుంత వచ్చినప్పుడల్లా, 'ఉస్తాద్, యాడ తగిలింది, నడుముకా మెడకా' అని అడగడం. దిగి రెండు టిక్కులు తిప్పడం. మళ్లీ పోవడం. పదహారు కాడ నాకు నిద్రొచ్చింది."

ఇందుమతి గోడకు ఆనుకుంది.

"నాకెందుకు చెప్పలేదు ఆయన?"

"ఏమో. చెప్పొద్దని నాతో గూడా అన్నాడు."

"నేను పది నెలలుగా వస్తున్నాను. మీరైనా చెప్పకపోతిరి."

"చెప్తే ఏం జేసేదానివి?" ఉస్తాద్ గొంతు కఠినంగా లేదు. "పదహారు అని కాగితం మీద రాసుకొని, దాన్ని గూడా దాచిపెట్టుకునేదానివి."

 అది నిజం.

ఉస్తాద్ చెయ్యి చాపారు. "ఏదీ, ఆ కాగితం ఇయ్యి."

కళ్లద్దాలు పెట్టుకొని చివరిదాకా చదివారు. తిరిగిచ్చేశారు. "ఇప్పుడు నువ్వే చెప్పు. ఏది కొంటావు?"

ఇందుమతి కాగితం చూడకుండానే చెప్పింది. "మూడోది."

"ఎందుకు?"

"వెనక నాబ్ చేతికందుతుంది. అట్టలు ఊడదీయాలంటే ఎవరైనా ఒకసారి తిప్పి వదిలేస్తారు. రబ్బరు ఉంది కాబట్టి చిన్న చిన్న అదురు పైకి రాదు. పాడైతే నేనే విప్పుకుంటాను."

"ట్రాక్ మీద?"

"ఒక్కో చుట్టులో ఒక సెకనో, రెండు సెకన్లో పోతాయి."

"పోనీ" అన్నారు ఉస్తాద్.

కొత్త షాకప్‌లు రావడానికి ఐదు వారాలు పట్టింది. ఇందుమతే బిగించింది. ఉస్తాద్ పక్కన డ్రమ్ము మీద కూర్చొని చూశారు. ఒక్కచోట మాత్రం, "పైన నట్టు ఇప్పుడే బిగించమాక. బండి నేలమీద నిలబడినాక బిగించు" అన్నారు.

వాటిలో నాలుగు ఆ నాలుగు కాదు. పదహారు ఆ పదహారు కాదు. ఆమె మొదటి నుంచీ వెతుక్కోవాల్సి వచ్చింది. మూడు ఆదివారాలు మైపాడు రోడ్డు మీద, పొద్దుటిపూట ముత్తుకూరు రోడ్డు మీద, రెండేసి టిక్కులు తిప్పుకుంటూ, తన నడుము ఏమంటోందో వింటూ తిరిగింది. తొమ్మిది దగ్గర ముత్తుకూరు రోడ్డు ఒప్పుకుంది. ల్యాబ్‌లో కూర్చున్నాక చేతులు వణకలేదు. ఆ వారం ఒక బ్యాచ్ పనికిరాదని ఒక్కసారికే తేల్చి చెప్పింది. రైతు గొణిగాడు. ఆమె మళ్లీ లెక్కపెట్టలేదు.

తర్వాతి నెలలో ట్రాక్‌కు పోయింది. గేటు లోపల చెట్టు నీడన బండి ఆపి బానెట్ ఎత్తింది. ముందు శశిధర్ లాగే దాదాపు రాయి చేసింది. రెండు చుట్లు తిరిగి వచ్చింది. మలుపుల్లో బండి గెంతుతోంది, ఆమె కాలు భయపడి వెనక్కి తగ్గుతోంది. ఆయన బరువు వేరు, బ్రేకు తొక్కే తీరు వేరు. మూడు టిక్కులు మెత్తబరిచింది. బండి నేలను పట్టుకుంది. మొదటిసారిగా ఆ పొడవాటి కుడి మలుపులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీయకుండా బయటికి వచ్చింది.

బండి ఆపి హెల్మెట్ తీసింది. టైము చూసింది. అంతకు ముందు తన టైముకన్నా నాలుగు సెకన్లు తగ్గింది. ఆయన టైముకు ఇంకా ఏడు సెకన్ల దూరం ఉంది.

ఆ సంగతి చెప్పాలని ఫోను తీసింది. ఎవరికి చెప్పాలో తోచక చేతిలో పట్టుకొని అలాగే నిలబడింది. చుట్టూ కుర్రవాళ్లు టైర్లు మారుస్తూ, ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. మధ్యాహ్నపు ఎండలో తారు ఆవిరి కక్కుతోంది. ఫోను జేబులో పెట్టేసుకుంది. సాయంత్రం బయలుదేరే ముందు మళ్లీ తొమ్మిదికి తిప్పుకొని నెల్లూరు దారి పట్టింది.

పాత షాకప్‌లు నాలుగూ షెడ్డులో బెంచీ మీదే ఉన్నాయి. బిగించిన రోజున ఉస్తాద్ వాటిని గోనెసంచిలో చుట్టి ఇవ్వబోతే ఆమె, "ఉండనివ్వండి, మళ్లీ వచ్చి తీసుకుంటాను" అంది. రెండు నెలలు గడిచినా తీసుకుపోలేదు.

ట్రాక్ నుంచి వచ్చిన మరుసటి ఆదివారం ఉస్తాదే అడిగారు. "ఇయ్యాల తీసుకపోతావా?"

ఇందుమతి గోనెసంచి విప్పి ఒకదాన్ని చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"విప్పుదాం ఉస్తాద్. లోపల ఎలా ఉందో చూస్తాను."

దాన్ని ఇనుప దవడల వైస్‌లో బిగించి పైమూత విప్పింది. లోపలి కడ్డీని నెమ్మదిగా పైకి లాగింది. గొట్టాన్ని వంచి నూనెను ఒక తెల్లటి పింగాణీ పళ్లెంలోకి పోసింది. కాటుకలా నల్లగా జారింది.

ఉస్తాద్ అల్మరాలోంచి కొత్త నూనె సీసా తెచ్చి పళ్లెం పక్కన పెట్టారు. అది తేనె రంగులో ఉంది, వెనకున్న కిటికీ కనిపించేంత తేటగా.

"వేసినప్పుడు ఇది గూడా అట్టనే ఉండింది" అన్నారు. "ఎందుకు నల్లబడింది?"

పాఠం అడుగుతున్నారనుకొని ఆమె పాఠంలాగే చెప్పింది. "చక్రం గుంతలో పడినప్పుడు ఆ దెబ్బ పైన కూర్చున్నవాళ్లకు పోకుండా నూనె పట్టుకుంటుంది. పట్టుకున్న ప్రతిసారీ వేడెక్కుతుంది. వేడెక్కీ వేడెక్కీ..."

ఆగిపోయింది.

ఉస్తాద్ పళ్లెం వైపు చూస్తూ అన్నారు. "పైదాకా రాని దెబ్బలన్నీ ఇందులోనే ఉండాయి."

సీసా మూత బిగించి అల్మరాలో పెట్టి, ఆయన తన లారీ దగ్గరికి వెళ్లిపోయారు.

ఇందుమతి పళ్లెం ముందు నిలబడింది. నూనె మీద షెడ్డు రేకుల సందులోంచి పడిన వెలుగు చిన్నగా కదులుతోంది. చూపుడువేలు ముంచి, బొటనవేలితో రాసి చూసింది. నీళ్లలా పలచబడిపోయి ఉంది.

"పారబోయమంటారా?" అని అడిగింది చాలాసేపటికి.

"నీ ఇష్టం."

ఆమె పళ్లెం రెండు చేతులా ఎత్తుకొని, షెడ్డు మూలనున్న పాత నూనె డ్రమ్ము దాకా నడిచింది. తొణక్కుండా, చివరి చుక్క దాకా వంచింది. తర్వాత వచ్చి రెండోదాన్ని వైస్‌లో బిగించింది.